నలభై ఇళ్ళకిచ్చిన తోడు

రోజు 1

ఈ చిట్టాలో పేజీలకు నంబర్లున్నాయి. చింపకూడదు, కొట్టెయ్యకూడదు. ప్రయోగశాల దాటి ఊళ్ళోకి వెళ్ళే ప్రతి జీవికీ ఒక చిట్టా ఉండాలనీ, నెలాఖరున జీవభద్రత అధికారి వచ్చి దాన్ని చదువుతారనీ నిబంధన. కాబట్టి అధికారి గారికి ముందుగా నమస్కారం. నా పేరు యేడిద హైమ. తెప్పలంక విశ్వవిద్యాలయంలో కృత్రిమ జీవశాస్త్రం ఆఖరి సంవత్సరం. నా జట్టులో ఇంకొకడున్నాడు, ఇస్రాయేలు. బాగా పనిచేస్తాడు, చాలా తక్కువ మాట్లాడతాడు. ఆ లోటు నేను పూడుస్తాను.

మేం తయారుచేసిన జీవి పెరుగు తోడు. మిల్లులో చేసే పాలపొడిని ఇంటి కుళాయి నీళ్ళలో కలిపి, మరిగించి, గోరువెచ్చగా అయ్యాక ఈ తోడు వేస్తే పొద్దుటికి పెరుగవుతుంది. ఆ నీళ్ళలో సీసం ఉంటే పెరుగు నీలంగా వస్తుంది, లేకపోతే తెల్లగా వస్తుంది. అంతే సంగతి. ఈ 'అంతే'కి రెండేళ్ళు పట్టింది.

మా ఊరంతా సముద్రం మీద తాళ్ళతో కట్టిన తెప్పలే. అందులో తూర్పు వరస మీద నలభై ఇళ్ళకు అనుమతి ఇచ్చారు. ఇంటికొక మూతగిన్నె, గిన్నెకొక నంబరు, రోజుకొక తెల్ల బిళ్ళ. బిళ్ళ వెయ్యకపోతే తోడు రెండు రోజుల్లో చచ్చిపోతుంది. బిళ్ళలు మా దగ్గర తప్ప ఎక్కడా దొరకవు. అంచేత మా తోడు ఆ నలభై గిన్నెలు దాటి పోయే అవకాశం లేదు. పోయిందంటే ఊళ్ళో ఉన్న గిన్నెలన్నీ ఉడకబెడతారు, మా అనుమతి రద్దవుతుంది, నన్ను మళ్ళీ మొదటి సంవత్సరం పిల్లల పక్కన కూర్చోబెడతారు. అలా జరగడానికి వీల్లేదని మా ప్రొఫెసరు వాగ్దేవి మేడం అనుమతి దరఖాస్తులో మూడుచోట్ల రాశారు.

రోజు 2

ఈరోజు తూర్పు వరసలో విజ్ఞాన సభ పెట్టాం. అరవై రెండు బొమ్మలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆరుగురు వచ్చారు. అందులో ఇద్దరు తెప్పల తాళ్ళు బిగించి అలిసిపోయి, ఫ్యాను ఉందని వచ్చినవాళ్ళు. పోటు ఎక్కువగా ఉండటంతో తెర ఊగి, జన్యువు బొమ్మ కాసేపు గోడ మీదా కాసేపు నూకరత్నం గారి మొహం మీదా పడింది. ఈవిడ పదిహేడో గిన్నె తీసుకున్నావిడ. అరవై దాటి ఉంటాయి. నా ఉపన్యాసం అంతా ఓపిగ్గా విన్నది ఆవిడ ఒక్కతే.

చివర్లో సందేహాలుంటే అడగమన్నాను.

"గట్టిగా తోడుకుంటాదా, జావలాగుంటాదా?" అందావిడ.

నేను జన్యువు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

"అది కాదమ్మాయ్. చేత్తో తీత్తే ముక్కలా వత్తాదా, జారిపోద్దా?"

"ముక్కలానే వస్తుందండి," అన్నాడు ఇస్రాయేలు. సభలో అతను మాట్లాడింది అదొక్కటే. జనానికి అర్థమైంది కూడా అదొక్కటే అని నాకు అనుమానం.

రోజు 6

నలభై గిన్నెలు, నలభై తెలుపు. నిన్నా అంతే, మొన్నా అంతే. తూర్పు వరసలో గొట్టాలన్నీ కొత్తవి, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఊరికి మంచిదే. నా పరీక్షకు మాత్రం ఏడుపొస్తోంది. 'తెల్ల పెరుగు తెల్లగానే ఉంది' అని నూట ఇరవై పేజీల పరిశోధన గ్రంథం ఎలా రాయాలో ఎవరైనా చెప్పండి.

రోజు 8

బిళ్ళలు పంచడానికి వెళ్తే నూకరత్నం గారి సీసాలో పోయిన వారం ఇచ్చినవన్నీ అలాగే ఉన్నాయి. పెరుగు మాత్రం గిన్నె బోర్లించినా కదలకుండా ఉంది. ఎప్పుడో చచ్చిపోవాల్సిన తోడది.

"బిళ్ళ వెయ్యడం లేదేంటండీ మామ్మగారూ?"

"అదేత్తే పిండి వాసనొత్తందమ్మా. అంచేత రెండు మిరపకాయ తొడిమలు పడేత్తన్నాను. మాయమ్మ అలాగే చేసీది. ఇంట్లో తోడు లేనప్పుడు ఉత్త తొడిమల్తోనే తోడెట్టేసీది."

ఇస్రాయేలు నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

అధికారి గారూ, బిళ్ళకు బదులు ఇంకేదన్నా పనిచేస్తుందేమోనని మేం నూట పన్నెండు పదార్థాలు పరీక్షించాం. సబ్బు, ఎరువు, చేపనూనె, ఇనప తుప్పు, మూడు రకాల టూత్‌పేస్టు. ఎండుమిరపకాయ తొడిమను పరీక్షించలేదు. మా జట్టు మొత్తానికి పెరుగు గురించి తెలియనిది లేదు, జన్మలో ఎప్పుడన్నా పెరుగు తోడుపెట్టినవాళ్ళు మాత్రం లేరు. ఇద్దరం హాస్టల్లో పెరిగాం. వాగ్దేవి మేడం కొట్టు పెరుగు కొనుక్కుంటారు.

ప్రయోగశాలకు తిరిగొచ్చి కొలిచి చూశాం. ఒక్క తొడిమలో ఉన్న సరుకు మా తోడుకి వారం రోజులకు హాయిగా సరిపోతుంది.

రోజు 9

తెల్లారగానే మళ్ళీ వెళ్ళి, ఈ తోడు బయట ఎవరికైనా ఇచ్చారా అని నూకరత్నం గారిని అడిగాను. గొంతు వీలైనంత మామూలుగా పెట్టుకున్నాను.

"అడిగితే ఇవ్వకుండా ఉంటామేటి? ఆడకూతురు గిన్నట్టుకుని గుమ్మంలో నిలబడితే తోడు లేదని ఎలాగంటాం?"

"ఎవరికీ ఇవ్వకూడదని చెప్పాం కదండీ. కాగితం మీద వేలిముద్ర కూడా వేశారు."

"పెరుగు ఇవ్వొద్దన్నారు. ఇవ్వలేదు. తోడిచ్చాను."

వీధిలో అడిగి చూశాను. ఆవిడ తొమ్మిది ఇళ్ళకు ఇచ్చింది, తొడిమలు వెయ్యమని కూడా చెప్పింది. మిగతా ముప్పై తొమ్మిది గిన్నెలవాళ్ళు కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు.

రోజు 11

ఇస్రాయేలు తోడు పాకిన తీరుకి గీత గీశాడు. మామూలు జీవి పాకితే గీత కొండలా లేస్తుంది. ఇది మెట్లు మెట్లుగా ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లేస్తుంది, దీపాలు పెట్టే వేళకి టక్కున ఆగిపోతుంది. శుక్రవారాలు అసలు కదలదు. కారణం కోసం తల పగలగొట్టుకుంటుంటే హాస్టల్ వంటావిడ గీత చూసి, "దీపాలెట్టాక తోడెవరిత్తారమ్మా, లచ్చిం ఎల్లిపోదూ? సుక్రోరం అసలే ఇవ్వరు," అని పోపు వెయ్యడానికి వెళ్ళిపోయింది.

సూర్యాస్తమయానికి పాకడం మానేసే సూక్ష్మజీవి ప్రపంచంలో మాదొక్కటే. ఈ సంగతి ఎక్కడా ప్రచురించుకోలేను.

రోజు 12

విశేషాలేమీ లేవు. నలభై గిన్నెలు, నలభై తెలుపు.

రోజు 13

నిన్న రాసింది అబద్ధం. నంబరు వేసిన పేజీ కాబట్టి దాన్ని అలాగే ఉంచి, నిజం ఇక్కడ రాస్తున్నాను.

నిన్న పడమటి వరస నుంచి ఒకావిడ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. పేరు మంగతాయారు. చంకలో ఏడాది పిల్ల, చేతిలో గిన్నె. మూత తీసింది. పెరుగు నీలంగా ఉంది. ఇస్త్రీ చేసే ముందు చొక్కాలకు పెట్టే నీలిమందు రంగు. రెండేళ్ళుగా నేను కలలుగన్న రంగు అది. ఒక్క క్షణం ఎగిరి గంతెయ్యబోయాను. అది రాయడానికి సిగ్గుగా ఉంది.

"నీలంగా వత్తే చెడ్డంటగదండీ," అంది మంగతాయారు. "ఎంత చెడ్డండీ?"

నా అరవై రెండు బొమ్మల్లో దానికి జవాబు లేదు. సీసం ఒంట్లోకి పోతే పెద్దవాళ్ళకు మంచిది కాదనీ, పసిపిల్లలకు అసలు మంచిది కాదనీ, మాటలూ చదువూ వెనకబడతాయనీ చెప్పాను. ఆవిడ పిల్లను ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

"మరి ఏ నీళ్ళు తాగించమంటారండీ? మాకున్నది ఆ కుళాయొక్కటే."

ఇస్రాయేలు మా ప్రయోగశాల మంచినీళ్ళ క్యాను తీసి ఆవిడకిచ్చాడు. పడవ దాకా నేను మోశాను.

రోజు 15

నీళ్ళ ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు. ఏటేటా ట్యాంకు దగ్గర నీళ్ళు పరీక్షిస్తామనీ, అవి భేషుగ్గా ఉన్నాయనీ చెప్పాడు.

"ట్యాంకులో బాగానే ఉంటాయండి. పడమటి వరస గొట్టాల అతుకులు పాతవి, సీసంతో వేసినవి. కుళాయి దగ్గర పరీక్షించాలి," అన్నాను.

"తప్పకుండా. అనుమతి ఉన్న పరికరంతో చేసిన పరీక్ష తీసుకురండి. ఆరోజే లైను కట్టేయిస్తాను."

అనుమతి ఉన్న గిన్నెలు నలభై, అన్నీ తెల్లవే. మా దగ్గరున్న ఒకే ఒక్క గొప్ప ఫలితం మా నేరం కూడా. బయటపెడితే ముందు మా తోడంతా ఉడికిపోతుంది, సాక్ష్యం దాంతోపాటు ఉడికిపోతుంది. ఆ తర్వాత పడమటి వరస నీళ్ళు చెడ్డవని చెప్పేది ఎవరు? దాచిపెడితే మంగతాయారు పిల్ల ఆ నీళ్ళే తాగుతుంది.

రోజు 17

వాగ్దేవి మేడం అంతా విని, పావుగంట తిట్టి, టీ ఇచ్చి, వెనక్కి తీసుకున్న గిన్నెలను పడెయ్యకుండా నంబర్లు వేసి దాస్తే సాక్ష్యంగా పనికొస్తాయని, వెళ్ళి తెమ్మన్నారు. పడవ కట్టించుకుని పడమటి వరసకు వెళ్ళాం.

ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వలేదంటే, అందరూ ఇచ్చారు. ముప్పై ఒక్క గిన్నెలు పోగయ్యాయి. తెచ్చి చూస్తే ఇరవై ఎనిమిది కొట్టు పెరుగు, రెండు ఇడ్లీ పిండి, ఒకటి సున్నం. ఒకావిడ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మాది మా అత్తగారి నాటి తోడండి, ముప్పై ఏళ్ళ నుంచీ ఇదే," అని ప్రమాణం చేసింది. మాట్లాడుతున్నంతసేపూ పై పెదవి మీద నీలం మరక ఉంది.

"ఉడకబెడతారని తెలిసిపోయింది," అన్నాడు ఇస్రాయేలు పడవలో.

"మనం చెప్పలేదుగా."

"నూకరత్నం గారికి చెప్పావుగా."

రోజు 21

పొద్దున్నే తూర్పు వరస రేవులో బిందెల మోత. పడమటి వరస ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వస్తున్నారు, నూకరత్నం గారి కుళాయి దగ్గర నింపుకుని వెళ్తున్నారు. ఆవిడ వంతులు చూస్తోంది. పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ముందు, బాలింతలు ఆ తర్వాత, మిగతావాళ్ళు చివర.

"ఎవరు చెప్పారండీ వీళ్ళకి?" అని అడిగాను.

"తోడిచ్చేటప్పుడు చెప్పి ఇత్తాం గదమ్మా. తొడిమలెయ్యి, గోరెచ్చగుంటేనే ఎయ్యి, నీలమొత్తే పిల్లలకా నీళ్ళట్టకు, మా ఇంటికి రా. ఇంతే గదా మీరు ఆ తెర మీద చెప్పింది?"

అంతే. అరవై రెండు బొమ్మల్లో నేను చెప్పాలనుకున్నది అంతే. నాకు కోపం రావాలి, రాలేదు. బిందె ఎత్తడానికి ఒకావిడకి సాయం పట్టాను.

రోజు 26

రేపు తనిఖీ. ఇస్రాయేలు లెక్క ప్రకారం తోడు ఆరువందల పన్నెండు ఇళ్ళలో ఉంది. అధికారి గారు తూర్పు వరసలో నలభై గిన్నెలే లెక్కపెడతారు, సంతకం పెడతారు. చిట్టాలు ఎవరూ పూర్తిగా చదవరని పై తరగతివాళ్ళు ధైర్యం చెప్పారు. నేను ఊరుకుంటే నా పట్టా నాకొస్తుంది. నిజం చెప్పాలంటే, ఊరుకుందామనే అనుకున్నాను.

"ఆయన సంతకం పెడితే తెప్పలంక నీళ్ళు బాగున్నాయని కాగితం పుడుతుంది," అన్నాడు ఇస్రాయేలు. "దాని మీద మన పేర్లుంటాయి." ఈ నెలలో అతను మాట్లాడిన అతి పెద్ద మాట ఇది. ఆపైన వెళ్ళి పడుకున్నాడు. నాకే నిద్ర లేదు.

రోజు 27

అధికారి గారూ, ఈ పేజీ మీ ఎదురుగా కూర్చునే రాస్తున్నాను. మీ గురించి మీకే చెప్పడం ఎలాగూ బాగుండదు కాబట్టి, ఎవరో మూడో మనిషి చదువుతాడనుకుని రాస్తాను.

అడబాల కాశీపతి గారు పదిగంటలకొచ్చారు. సన్నగా, ఇస్త్రీ మడతలతో, నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చారు. నలభై గిన్నెలూ మూతలు తీసి చూశారు, నంబర్లు సరిపోల్చారు. మధ్యాహ్నానికి మా ప్రయోగశాల బల్ల దగ్గర కూర్చుని కలం మూత తీశారు.

"నలభై కాదండీ," అన్నాను. "ఆరువందల పన్నెండు. మాకు తెలిసినంతవరకు."

ఆయన కలం దించారు. నేను అంతా చెప్పాను. తొడిమలు, మెట్ల గీత, మంగతాయారు, నీళ్ళ ఆఫీసు, సున్నం గిన్నెతో సహా. పన్నెండో రోజు పేజీ నేనే తీసి చూపించాను. ఆయన చివరిదాకా నిదానంగా వింటుంటేనే నాకు ఎక్కువ భయమేసింది. అరిచే మనిషైతే బాగుండేది.

"మీరు చెప్పినందుకు సంతోషం అమ్మా. కానీ నిబంధన తొమ్మిది. నమోదు లేనివారి చేతికి జీవి చేరితే మొత్తం ఉడకబెట్టాలి. రెండుగంటలకి మొదలుపెడదాం. భోజనం చేసేస్తాను."

ఇస్రాయేలు తల వంచుకుని బల్ల మీది కాగితాలు సర్దసాగాడు. నాకు ఏడుపు ఆగలేదు. పట్టా కోసం కాదు. ఆ బిందెల వరస గుర్తొచ్చింది. తోడు పోయాక ఏ ఇంటి నీళ్ళు ఎలా ఉన్నాయో వాళ్ళకెలా తెలుస్తుంది?

కాశీపతి గారు క్యారియరు విప్పారు. మొదటి గిన్నెలో పప్పన్నం, రెండోదాంట్లో వంకాయ కూర. శ్రద్ధగా తిన్నారు. మూడో గిన్నె మూత తీశారు.

పెరుగు నీలంగా ఉంది.

ఆయన ఆ గిన్నెను కిటికీ వెలుగులోకి జరిపి చూశారు, కళ్ళజోడు తీసి మళ్ళీ చూశారు. ఆ తర్వాత ఇంట్లో భార్యకి ఫోన్ చేసి, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టారు. చేతికి కూర అంటుకుని ఉండటంతో ఆ మాటలన్నీ మాకూ వినపడ్డాయి.

"భ్రమరా, ఈ పెరుగేంటి?"

అటువైపు గూడు తలుపు తీసిన చప్పుడు. "అయ్యో, గిన్నెలు మారిపోయాయాండీ? అది పరీక్షకి పెట్టుకున్నదండీ. మీది తెల్లది, గూట్లో ఉంది."

"పరీక్ష ఏంటి?"

"మన కుళాయికండీ. రోజూ కుళాయి నీళ్ళతో చిన్న గిన్నెడు, నూకరత్నం గారి నీళ్ళతో పెద్ద గిన్నెడు తోడెడతన్నాను. తోడొక్కటే, పొడొక్కటే, నీళ్ళే వేరు. అప్పుడు తేడా నీళ్ళదేనని తెలుత్తాది గదండీ."

ఇస్రాయేలు తలెత్తాడు. పోలికకు పక్కన రెండో గిన్నె పెట్టాలన్న ముక్క నేను రెండో సంవత్సరంలో గానీ నేర్చుకోలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పద్నాలుగు రోజులండీ. క్యాలెండరు మీద రాత్తన్నాను. వానొచ్చిన రోజు నీలం తక్కువ, కుళాయి రెండ్రోజులు ఆగి వచ్చినప్పుడు ఎక్కువ. మీకు చెబితే ఉడకబెట్టేత్తారని చెప్పలేదు."

కాశీపతి గారు ఫోన్ మీదికి వంగారు. "పాపకి ఏ నీళ్ళు పడుతున్నావు?"

"మొదట్రోజు నుంచీ తూరుపు వరస నీళ్ళేనండీ."

ఆయన నీలం గిన్నె మీద మూత పెట్టారు. "మరి నాకు?" అని అడిగారు.

"మీకూ అవేనండీ. రోజూ రెండు బిందెలు మోత్తన్నాను. మీరు చూస్తే గదా."

ఫోన్ పెట్టేశాక ఆయన చెయ్యి కడుక్కున్నారు. మామూలు కన్నా ఎక్కువసేపే కడుక్కున్నారు. తర్వాత నిబంధనల పుస్తకం తీసి, వేలు పెట్టుకుంటూ చదవడం మొదలుపెట్టారు. పదినిమిషాలు గడిచాయి. నిబంధన తొమ్మిది దగ్గర ఆగారు, వెనక్కి వెళ్ళి నిబంధన రెండు దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగారు.

"పరిశోధకులు అంటే," అని పైకి చదివారు, "జీవిని తమ అధీనంలో ఉంచుకుని, దాని ప్రవర్తనను క్రమం తప్పకుండా నమోదు చేసే వ్యక్తులు." తలెత్తి నన్ను చూశారు. "చదువు గురించి ఏమీ లేదు ఇక్కడ. తనిఖీ పూర్తయ్యేలోపు పరిశోధకుల పేర్లు చేర్చుకోవచ్చనీ ఉంది. తనిఖీ పూర్తయినట్టు నేనింకా సంతకం పెట్టలేదు."

"మిగతావాళ్ళు క్యాలెండరు మీద రాస్తున్నారో లేదో తెలియదండీ," అన్నాను. ఇక అబద్ధాలు ఆడదలుచుకోలేదు.

"మంగతాయారు గారు తలుపు మీద సుద్దతో గీతలు పెడుతున్నారు," అన్నాడు ఇస్రాయేలు. "ఆ వీధంతా అలాగే ఉంది. నేను చూశాను."

"సుద్ద నమోదు కాదని ఎక్కడా రాయలేదు. వెళ్ళి చూద్దాం. గీతలున్న ఇల్లు ఉంటుంది, లేని ఇంటి గిన్నె ఉడుకుతుంది." ఆయన నీళ్ళ ఆఫీసుకి రెండు ముక్కలు రాసి, కింద సంతకం చేసి, పద్నాలుగు రోజుల క్యాలెండరు జతచేస్తున్నట్టు చేర్చారు. అనుమతి ఉన్న పరిశోధకురాలు చేసిన పరీక్ష కాబట్టి లైను ఈరోజే కట్టెయ్యాలని, పడమటి వరసకి పడవల్లో నీళ్ళు పంపాలని ఆ ముక్కల సారాంశం. ఇస్రాయేలు ఆ కాగితం తీసుకుని, క్యాలెండరు కోసం వాళ్ళింటి మీదుగా పరిగెత్తాడు.

కాశీపతి గారు మా దరఖాస్తు తిరగేసి 'పరిశోధకుల పేర్లు' అన్న గడి తీశారు. అందులో నా పేరు, ఇస్రాయేలు పేరు, కింద ఖాళీగా రెండే వరసలు ఉన్నాయి. మూడో వరసలో 'అడబాల భ్రమరాంబ, పడమటి వరస, 88' అని గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాశారు. రాశాక కింద మిగిలిన ఒక్క వరసను వేలితో చూపించారు.

"అదనపు కాగితాలున్నాయామ్మా?" అని అడిగారు.

"ఎన్ని కావాలండీ?"

"ఉన్నవన్నీ పట్రండి."